మాట్లాడని చిలుకే కావాలి

గొంతు పోయిన మనిషికి మాట్లాడే చిలుకను తెచ్చిపెట్టాలన్న ఆలోచన ఆమె భర్తది. ఆయనకు ఒక ఆలోచన వచ్చిందంటే అది ఇంట్లోవాళ్ళకీ, పై వాటా వాళ్ళకీ, ఆయన సెలూన్లో కుర్చీలో తలవంచుకు కూర్చున్నవాళ్ళకీ ఒకేసారి తెలిసిపోతుంది. మెల్లగా మాట్లాడడమనే విద్య ఆయనకు అబ్బలేదు. ఒకరికి గడ్డం గీస్తూనే వీధికి అవతలున్న టైలరుతో కబుర్లు చెప్పగల మనిషి.

“చిలకంటే గుప్పెడంత పిట్ట కాదోయ్! పెద్ద జాతి. తోకతో కలిపి చెయ్యంత పొడుగుంటాయిట. పొద్దున్నే పేరు పెట్టి పిలుస్తాయిట. ఇక నువ్వు నోరు తెరవక్కర్లేదు, నీ బదులు అదే వాగుతుంది!” అన్నాడు భోజనాల బల్ల దగ్గర.

ఆవిడ ఏదో అంది. ఏమందో ఎవరికీ వినపడలేదు.

ఊళ్ళో అందరూ ఆవిణ్ణి అనౌన్సరమ్మ అంటారు. రైల్వే స్టేషన్లో ఏళ్ళ తరబడి ఆవిడ గొంతే వినిపించేది. ఏ బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో, ఏది ఆలస్యమో, ఏది ఆ పూటకు రానే రాదో ఆవిడే చెప్పేది. ఆ గొంతులో వింటే ఆలస్యం మీద కూడా కోపం వచ్చేది కాదని ప్రయాణికులు అనుకునేవారు. తరవాత మెడలో గడ్డ లేచింది. ఆపరేషన్ చేస్తే గడ్డ పోయింది, ప్రాణం దక్కింది. గొంతును కదిపే నరం మాత్రం చచ్చుబడింది. అలా కావచ్చని డాక్టర్లు ముందే చెప్పారు, ఎవరినీ అనడానికి లేదు. ఆవిడకు మిగిలింది ఒక గుసగుస. కాగితం మీద కాగితం జరిపితే వచ్చే చప్పుడంత.

స్టేషన్ వాళ్ళు ఆవిణ్ణి సామాన్లు భద్రపరిచే గదికి మార్చారు. పాత రికార్డింగులను ముక్కలు చేసి యంత్రంలో పెట్టుకున్నారు. అంచేత, పెట్టెలూ సంచుల మధ్య కూర్చున్న ఆవిడకు నెత్తి మీద స్పీకర్లోంచి తన గొంతే వినిపించేది: ‘దయచేసి గమనించండి...’ మొదట్లో ఉలిక్కిపడేది. పోనుపోను ఉలిక్కిపడడం మానేసింది గానీ, చెయ్యి మాత్రం దానంతటదే మెడ మీది గాటు దగ్గరికి పోయేది.

ఇంట్లో సంగతి వేరు. కూతురు ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసులో పనిచేస్తోంది. నోరు మాత్రం అచ్చం తండ్రిదే. తండ్రీకూతుళ్ళు ఒకరి మాట మీద ఒకరు పడి మాట్లాడతారు. మధ్యలో కుక్కరు, టీవీ, కిటికీ కింద రోడ్డు. ఈ రొదలో ఆవిడ గుసగుస ఆవిడ పెదాల దగ్గరే ఆగిపోయేది. కొన్నాళ్ళు చప్పట్లు కొట్టి పిలిచింది, గరిటెతో గిన్నె మీద కొట్టి చూసింది. తరవాత తరవాత, చెప్పాల్సింది అంత ముఖ్యమైనదేనా అని తనలో తానే తూచుకుని ఊరుకోవడం అలవాటైంది. భార్య మాట్లాడ్డం లేదని భర్తకు అర్థమైంది. తాము వినడం లేదని మాత్రం అర్థం కాలేదు.

అలా ఒక సెలవురోజున ముగ్గురూ చిలుకను చూడ్డానికి బయల్దేరారు.

ఆ ఊళ్ళో పెద్ద చిలుకలు ఉన్నది దుకాణంలో కాదు, మూతబడ్డ సినిమా హాల్లో. హాలు యజమాని కూతురు పశువుల డాక్టరు. తండ్రి పోయాక హాలును పడగొట్టనివ్వకుండా కుర్చీలన్నీ తీయించి, పైకప్పులో సగం అద్దాలు వేయించి, దూలాలకు లావుపాటి తాళ్ళూ ఎండుకొమ్మలూ వేలాడదీసింది. జనం మోజుపడి తెచ్చుకుని, ఆనక భరించలేక వదిలించుకున్న పెద్ద పెద్ద చిలుకలన్నిటికీ అదే ఇల్లు. తెర ఇంకా అలాగే ఉంది, ముక్కుపోట్లకు అక్కడక్కడా చిల్లులు పడి.

డాక్టరమ్మ పొడగరి. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. ఎడమ చెవి తమ్మెకు చివర చిన్న ముక్క లేదు. అది ఎవరి నిర్వాకమో అడగాల్సిన పని లేకపోయింది.

“ముందే చెప్తున్నా, నేను వీటిని అమ్మను. ఊరికే ఇవ్వడం కూడా అంత సులువుగా ఇవ్వను,” అంది గుమ్మంలోనే నిలబెట్టి. “పగలు ఇంట్లో ఎవరుంటారు? అంటుకోని పెనాలు వాడతారా? వాడితే తీసేయండి. ఆ పూత మాడి పొగ వచ్చిందంటే ఇవి నిలువునా చచ్చిపోతాయి. సెంట్లూ స్ప్రేలూ పనికిరావు. కుర్చీలు కొరికితే ఏడవరుగా? వేళ్ళు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుని వచ్చారా?”

“వేళ్ళా?” సెలూనాయన రెండు చేతులూ జేబుల్లో దోపుకున్నాడు. “ఈ వేళ్ళ మీదేనమ్మా మా సంసారం నడిచేది!”

“అయితే జేబుల్లోనే ఉంచండి.”

ముందుగా బూడిదరంగు చిలుకను చూపించింది. ఒళ్ళంతా బూడిద, తోక ఒక్కటీ ఎర్రన. ఇక్కడున్న వాటిలో ఇదే చిన్నదనీ, మాటల్లో మాత్రం దీన్ని కొట్టింది లేదనీ చెప్పింది. దాని పేరు మేనేజరు.

“హలో... లైన్లో ఉండండి,” అంది మేనేజరు, జలుబు చేసిన మగగొంతుతో.

సెలూనాయన మురిసిపోయాడు. మేనేజరు టెలిఫోను మోగించింది. కిర్రుమని తలుపు తీసింది. “మళ్ళీ మొదలెట్టావూ?” అని ఒక ఆడగొంతుతో విసుక్కుంది. ఆ తరవాత దగ్గింది. గుండె లోతుల్లోంచి తెరలు తెరలుగా వచ్చే ముసలి దగ్గు. తండ్రీకూతుళ్ళు పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. అనౌన్సరమ్మ డాక్టరమ్మ చెవి దగ్గరికి వంగింది.

“ఆ దగ్గు ఎవరిదండీ?”

“దీన్ని పెంచిన పెద్దాయనది. పోయి చాలా కాలమైంది.”

అనౌన్సరమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. మేనేజరు ఇంకోసారి, అంతే శ్రద్ధగా, అదే దగ్గు దగ్గింది.

తరవాత తెల్లటి కాకటూ, నెత్తిన కుచ్చు ఉండే చిలుకజాతి. అది కూతురి చేతిమీదుగా భుజం మీదికి పాకి, గడ్డం కింద తల దూర్చి, కళ్ళు మూసుకుంది. పిల్ల కరిగి నీరైపోయింది. “నాన్నా, ఇదే, ఇదే తీసుకుందాం!” అంది. డాక్టరమ్మ దాని రొమ్ము చూపించింది. అక్కడ ఒక్క ఈక లేదు, బోడి చర్మం.

“ఒంటరిగా వదిలేస్తే ఇలా పీక్కుంటుంది. స్నానానికి వెళ్ళినా గుమ్మం ముందు కూర్చుని ఏడుస్తుంది. నువ్వు ఆఫీసు మానేస్తావా అమ్మాయ్?”

కాకటూను భుజం మీద నుంచి దింపడానికి చాలాసేపు పట్టింది.

అప్పుడు బాల్కనీలోంచి ఒక అరుపు వచ్చింది. రేకుల షెడ్డును ఎవరో రంపంతో నిలువునా కోస్తున్నట్టు, హాలు నాలుగు గోడలూ దద్దరిల్లేలా. సెలూనాయన ఎగిరిపడి “ఓరి దేవుడో!” అని కేక పెట్టాడు. పైనుంచి అంతకు రెట్టింపు అరుపు వచ్చింది. ఈయన ఊరుకుంటాడా! “ఏయ్!” అన్నాడు. అది ఇంకా గట్టిగా అంది. కాసేపు హాల్లో ఇద్దరి పోటీ సాగింది.

“గెలవలేరు లెండి,” అంది డాక్టరమ్మ చెవుల్లోంచి వేళ్ళు తీస్తూ. “దాని పేరు సైరన్. ఇళ్ళు మారి మారి వచ్చింది. అరుస్తోందని అందరూ తిప్పి పంపేసినవాళ్ళే. అది అరిస్తే వాళ్ళూ అరిచేవాళ్ళు. ఓహో, వీళ్ళ భాష ఇదే కామోసని ఇది ఇంకా అరిచేది.”

ఆమె మాట పూర్తికాకముందే అది బయటికి వచ్చింది.

ఒకప్పుడు ఆపరేటరు బొమ్మ వేసిన గది కిటికీ అంచు మీద ముందు ఒక ఎర్రటి తల కనబడింది. తరవాత ఒళ్ళు, తరవాత తోక. ఆ తోక ఎంతకీ అయిపోలేదు. పంచవన్నెల చిలుక. మకావుల్లో పెద్ద రకం. ఒక్క క్షణం ముందుకు వాలి చూసి, గాలిలోకి పడింది. రెక్కలు విచ్చుకున్నాయి. ఇంటి గుమ్మం వెడల్పును మించిన రెక్కలు. భుజాల దగ్గర నెత్తురు ఎరుపు, దాని కింద ఆకుపచ్చ, చివరికంటా నీలం. అద్దాల కప్పు కింద ఎండలోకి వచ్చేసరికి ఆ రంగులు మంటలా భగ్గుమన్నాయి. పాత తెర మీద దాని నీడ ఒక గోడ నుంచి ఇంకో గోడకు పాకింది. నెత్తి మీదుగా వెళ్తుంటే దుప్పటి దులిపినట్టు చప్పుడైంది, మొహాలకు గాలి కొట్టింది.

సెలూనాయన నోరు తెరిచాడు గానీ, పెళ్ళయిన నాటి నుంచి మొదటిసారి అందులోంచి ఏమీ రాలేదు.

అనౌన్సరమ్మకు ఒళ్ళు జలదరించింది. ఏళ్ళ తరబడి రైళ్ళు చూసిన మనిషి. భూమి అదిరేలా వచ్చే ఇంజన్లు ఆవిడకు లెక్కలేదు. కానీ ఇంత పెద్దది, ఇంత బరువైనది, ఏ పట్టాలూ లేకుండా, తనకు తోచినట్టు వంపు తిరుగుతూ పోవడం ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

సైరన్ ఒక కొమ్మ మీద వాలి మళ్ళీ అరవడానికి మెడ చాచింది. ఆవిడ ఆ కొమ్మ కిందికి వెళ్ళి తల పైకెత్తి అడిగింది.

“అంత గొంతు ఎక్కడ దాచుకున్నావే?”

పక్కనే ఉన్న కూతురికే సరిగా వినబడని మాట అది. సైరన్ చాచిన మెడను అలాగే ఉంచి ఆగింది. తల ఒక పక్కకు వాల్చింది. తరవాత ఇంకో పక్కకు.

“ఇంకోసారి మాట్లాడండి,” అంది డాక్టరమ్మ. ఆమె గొంతు మారింది.

“ఏం లేదమ్మా, ఊరికే అడిగాను. నాకూ ఉండేది ఒకప్పుడు,” అంది అనౌన్సరమ్మ.

సైరన్ ముక్కుతో తాడు పట్టుకుని, ఒక్కో కాలూ మార్చుకుంటూ కిందికి దిగసాగింది. దిగి దిగి ఆవిడ మొహానికి ఎదురుగా ఆగింది. అంత దగ్గరగా చూస్తే దాని చెంప తెల్లటి చర్మం. ఆ చర్మం మీద వరసలు వరసలుగా, ఎర్ర దారంతో కుట్టు వేసినట్టు, నలుసంత ఈకలు. కన్ను లేతపసుపు. అందులో నల్లగుడ్డు చిన్నదవుతోంది, పెద్దదవుతోంది. ఎంత గట్టి కాయనైనా చిట్లగొట్టే ఆ ముక్కు ఆవిడ ముక్కుకు బెత్తెడు దూరంలో ఉంది. ఆవిడ కదల్లేదు. చిలుక గొంతులోంచి చిన్న గురగుర వచ్చింది. దూరంగా బండి పోతున్నప్పుడు వంతెనలో పుట్టే మోతలాంటిది.

“నా దగ్గరికి వచ్చినప్పట్నుంచీ ఇది ఇంత చిన్నగా మాట్లాడ్డం నేను వినలేదు,” అంది డాక్టరమ్మ.

ఇంటికి రాగానే వాదన మొదలైంది. సెలూనాయన ఓటు మేనేజరుకు. కూతురు ఓటు ఇంకా కాకటూకే. తల్లిని ఎవరూ అడగలేదు.

“మాట్లాడని చిలక్కి తిండి దండగ. ఆ సైరన్‌ని తెస్తే పై వాటా వాళ్ళు మనచేత మూటా ముల్లె సర్దిస్తారు!” అన్నాడాయన.

అనౌన్సరమ్మ లేచి టీవీ కట్టేసింది. ఫ్యాను ఆపింది. కిటికీ మూసింది. వాళ్ళిద్దరూ ఇదేమిటన్నట్టు చూస్తుండగా వచ్చి భర్త ఎదురుగా కూర్చుంది.

“నా గొంతు ఒకటి నన్ను వదిలేసి స్టేషన్లో తిరుగుతోంది. రోజూ వింటున్నా. అక్కడ ఆ చిలక, పోయిన మనిషి దగ్గు దగ్గుతుంటే నా ప్రాణం ఎలా ఉందో మీకు తెలుసా? మనిషి లేకుండా గొంతు ఒక్కటీ బతికుండడం ఎంత భయమో! ఇంకోటి తెచ్చి ఇంట్లో పెట్టకండి. నా బదులు మాట్లాడే చిలక నాకొద్దు. నాకు మాట్లాడని చిలకే కావాలి. అది విన్నది చూశారా, అదీ నాకు కావాల్సింది.”

అంత పొడుగు మాట ఆవిడ ఆపరేషన్ అయ్యాక ఎప్పుడూ మాట్లాడలేదు. చివరికొచ్చేసరికి ఆయాసం వచ్చింది. సెలూనాయన చాలాసేపు బల్ల మీది మరకను గోటితో గీకుతూ కూర్చున్నాడు.

“అలాగేలే,” అన్నాడు చివరికి. ఆ ఒక్క మాటా మామూలు మనుషులు అన్నంత చిన్నగానే అన్నాడు.

కానీ డాక్టరమ్మ ఓ పట్టాన ఒప్పుకోలేదు. ముందు వచ్చి పోతూ ఉండమంది. సెలవు దొరికినప్పుడల్లా ఆవిడ హాలుకు వెళ్ళి ఒక స్టూలు మీద కూర్చునేది. సైరన్ కొన్నిసార్లు దిగివచ్చేది, కొన్నిసార్లు బాల్కనీలో వీపు చూపించి కూర్చునేది. ఒకసారి ఆవిడ బొటనవేలు కొరికింది. నెత్తురు కారింది. ఆవిడ వెక్కివెక్కి ఏడ్చింది, నొప్పికి కాదు, తనను వద్దందని. డాక్టరమ్మ కట్టు కడుతూ నవ్వింది. “గట్టిగా కొరికుంటే ఈ వేలు మీకు ఉండేది కాదు. అది మీకు చెప్పింది, అంతే. మీరు రంగు గాజులు వేసుకొచ్చారు, దానికి నచ్చలేదు.”

ఇంకో చిక్కు కూడా ఉంది. “మీ తరవాత ఎవరు?” అని అడిగింది డాక్టరమ్మ ఒకరోజు, ముగ్గురినీ కూర్చోబెట్టి. “ఇది ఇంకా వయసులోనే ఉంది. బాగా చూసుకుంటే మీ ఇద్దరి కన్నా ఎక్కువ కాలం బతుకుతుంది. దీన్ని తీసుకెళ్ళడమంటే ఇంట్లో ఒక మనిషి పుట్టినట్టే. తరవాత వీధిన పడకూడదు.”

అందరి చూపులూ కూతురి మీద పడ్డాయి.

“నన్ను చూడకండి,” అంది పిల్ల. “రేపు ఎక్కడుంటానో నాకే తెలీదు. ఇంత పెద్ద పక్షిని జన్మంతా మోస్తానని మాట ఎలా ఇస్తాను? ఇచ్చి తప్పితే ఇంకా పాపం.”

తల్లి మనసు చివుక్కుమంది. కానీ డాక్టరమ్మ తల ఊపింది. “ఇలా నిజం చెప్పేవాళ్ళే నాకు కావాలి. సరే, తీసుకెళ్ళండి. ఎవరూ దొరక్కపోతే మళ్ళీ నా హాలుకే రావాలి, వేరే చోటికి పోకూడదు. అది మాట.”

సైరన్ ఇంటికి వచ్చింది. ముందుగది మొత్తం దానికి వదిలేశారు. పగలు ముగ్గురూ వంతులు వేసుకుని వచ్చి చూసుకునేవారు. సెలూనాయన ఎక్కడెక్కడి నుంచో మొద్దుకొమ్మలు మోసుకొచ్చి గోడ నుంచి గోడకు బిగించాడు. పెనాలు మార్చారు. సెంటు వాసనతో దాని ముందుకు రాకూడదని, ఆయన సెలూను నుంచి రాగానే దొడ్డిగుమ్మం నుంచి స్నానాల గదిలోకి దొంగలా వెళ్ళేవాడు. బాల్కనీకి కొత్త గ్రిల్లు పెట్టించారు. రెక్కలు కత్తిరిస్తే ఈ గొడవ ఉండదు కదా అని గ్రిల్లు బిగించినవాడు అంటే, అనౌన్సరమ్మ అతని వంక చూసిన చూపుకు మళ్ళీ ఆ మాటెత్తలేదు.

తెల్లారగానే సైరన్ అరిచేది. పొద్దుగూకే వేళ అరిచేది. అడవిలో దాని జాతి అంతా అలాగే ఒకరినొకరు కేకేసుకుంటాయని డాక్టరమ్మ చెప్పింది. ఆ రెండు వేళలకీ ఎవరూ ఏమీ చేయలేరు. పై వాటాలో ఉండే పంతులమ్మ ఓర్చుకుంది. కానీ ఆ మధ్యలో, సెలూనాయన ఫోనులో మాట్లాడినా, పిల్ల వంటింట్లోంచి తండ్రిని పిలిచినా, అది అందుకునేది. “నోర్ముయ్!” అని ఈయన అరిచేవాడు. ఇక చూడాలి. పంతులమ్మ తలకు గుడ్డ కట్టుకుని కిందికి దిగి వచ్చింది.

“ఏమండీ, చిలకను మానిపించమని నేను అనను. అది నోరులేని జీవి. మిమ్మల్ని మానుకోమంటున్నా.”

ఆ రోజు నుంచి ఇంట్లో అందరూ గుసగుసగా మాట్లాడాలని అనౌన్సరమ్మ తీర్మానించింది. పిల్ల త్వరగానే నేర్చుకుంది. ఆయనకే తల ప్రాణం తోకకొచ్చింది. ఆయన గుసగుస మొదట్లో మెట్ల దాకా వినబడేది. ఊపిరంతా బిగబట్టి, కళ్ళు పెద్దవి చేసుకుని, “ఉప్పు ఇలా ఇవ్వు” అనేవాడు, ఏదో హత్యకు పథకం వేస్తున్నట్టు. పిల్ల పగలబడి నవ్వబోయి నోరు మూసుకునేది. సైరన్ కొమ్మ మీంచి వంగి ముగ్గురి వంకా మార్చి మార్చి చూసేది. ఎవరు మాట్లాడితే వాళ్ళ వైపు తల వాల్చి, అన్నీ తెలిసినదానిలా గురగురలాడేది.

ఒక సాయంత్రం భోజనాల దగ్గర అనౌన్సరమ్మ సామాన్ల గది కబురు చెబుతోంది. ఎవరో ఒక పెద్ద డోలు వదిలేసి పోయారనీ, దాన్ని పెట్టడానికి చోటు లేక తనే పక్కన స్టూలు వేసుకుని, దాని మీద చెయ్యి ఆనించుకుని కూర్చుంటే ప్లాట్‌ఫారం మీదికి బండి వచ్చినప్పుడల్లా డోలు దానంతటదే మోగేదనీ. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగింది. భర్త చెయ్యి కంచంలో ఆగిపోయి ఉంది. కూతురు చెంప మీద చెయ్యి పెట్టుకుని వింటోంది. కబురు ఇంతదాకా వచ్చింది, ఎవరూ అడ్డం రాలేదు.

“ఆగావేం? తరవాత?” అన్నాడాయన, గుసగుసగా.

ఆవిడ మంచినీళ్ళ వంకతో వంటింట్లోకి వెళ్ళి, కొంగుతో కళ్ళు తుడుచుకుని వచ్చి, మిగతాది చెప్పింది.

ఎండ బాగా కాసిన ఒక ఉదయం ఆవిడ బాల్కనీలోకి వచ్చేసరికి సైరన్ గ్రిల్లుకు అవతల ఉంది. గ్రిల్లు తలుపు బోల్టును ముక్కుతో పట్టుకుని, నాలుకతో తిప్పి తిప్పి ఊడదీసింది. ఆ బోల్టు ఇంకా దాని కాలివేళ్ళ మధ్య ఉంది. పళ్ళెంలో పండుముక్కను పట్టుకున్నట్టు పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసుకుంటోంది. భయం కన్నా ముందు ఆవిడకు ఆశ్చర్యమే వేసింది. ఎన్నాళ్ళ నుంచి ఈ పని నేర్చుకుంటోందో, ఎవరూ లేనప్పుడు! సైరన్ ఆవిడ వంక చూసింది. బోల్టును వదిలేసింది. అది కింద రోడ్డు మీద ఖంగుమంది. రెక్కలు విచ్చి వెళ్ళిపోయింది.

వీధి వీధంతా ఒక్కసారి పైకి చూసింది. సైరన్ కరెంటు తీగలు దాటి, డాబాలు దాటి, నీళ్ళ ట్యాంకు అంచు మీద వాలింది. అంత ఎత్తు నుంచి అది ఎర్రటి గుడ్డపేలికలా ఉంది. ఎక్కడి కాకులో వచ్చి చుట్టుముట్టాయి. కింద జనం పోగయ్యారు. ఒకరు ఈల వేశారు, ఒకరు పళ్ళెం వాయించారు, పండు చూపించి రా రమ్మని కేకలు పెట్టారు. సైరన్ అరిచింది. జనానికి హుషారొచ్చి వాళ్ళూ అరిచారు. అది ట్యాంకు మీంచి లేచి ఇంకా పైకి, ఫోను టవరు కొమ్ముల మీదికి పోయింది.

అనౌన్సరమ్మ రోడ్డు మీదికి పరిగెత్తి చేతులూపింది. “అరవకండి, అరవకండి!” అంటోంది. ఆవిడ మాట ఆవిడకే వినబడలేదు. ఊరంతటినీ ఒక్క మాటతో ఆపగలిగిన మనిషి, ఆ గుంపు మధ్యలో, పెదాలు మాత్రం కదుపుతూ నిలబడిపోయింది.

సెలూనాయన మెడలో గుడ్డా చేతిలో దువ్వెనా అలాగే పెట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. గుంపును చూశాడు, భార్యను చూశాడు, పైకి చూశాడు. నోరు తెరిచాడు. తెరిచిన నోరు మూశాడు. తరవాత మొదటి మనిషి దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేసి, చెవిలో, “బాబూ, కాస్త చప్పుడు చేయకండి. మా ఆవిడ మాట్లాడాలి,” అన్నాడు. అక్కణ్ణుంచి రెండో మనిషి దగ్గరికి. పళ్ళెం వాయించేవాళ్ళ దగ్గరికి, ఈలవేసేవాళ్ళ దగ్గరికి, ఇంజను ఆపని లారీ డ్రైవరు దగ్గరికి. వీధిలో అందరికంటే పెద్ద నోరున్న మనిషి గుసగుసగా బతిమాలుతుంటే ఏదో పెద్ద విషయమే అయి ఉంటుందని ఒక్కొక్కరే సద్దుమణిగారు. టైలరు మిషను ఆపాడు. లారీ ఆగింది. వీధి అంత నిశ్శబ్దంగా ఉండగలదని అక్కడ పుట్టి పెరిగినవాళ్ళకే తెలీదు.

అనౌన్సరమ్మ, వెనకే కూతురు, మెట్లెక్కి పంతులమ్మ వాటా దాటి డాబా మీదికి చేరారు. ఫోను టవరు ఇంకా చాలా దూరం. తన మాట అక్కడికి చేరదని ఆవిడకు తెలుసు. అయినా పిట్టగోడ దగ్గర నిలబడి, రోజూ మాట్లాడినట్టే మాట్లాడింది. “ఎండ బాగుంది కదూ. ఎంత దూరం కనిపిస్తోందో అక్కణ్ణుంచి. కాకులకు భయపడకు. అవి నీలో సగం లేవు. నీకు తోచినప్పుడే రా.”

సైరన్ టవరు మీద నుంచి జారింది. నేరుగా వస్తుందనుకున్నారు, రాలేదు. ఎదురెండలోకి పోయి, అక్కడ పెద్ద వంపు తిరిగి, వీధి పొడుగునా సాగింది. కింద అన్ని మొహాలూ దానితోపాటే తిరిగాయి. ఎండ రెక్కల్లోంచి కిందికి దిగుతుంటే ఈకల అంచులు దీపం వెలిగించినట్టు మెరిశాయి. ఆ నీడ గోడల మీదా, లారీ మీదా, తలెత్తిన మొహాల మీదా ఒక్కో క్షణం ఆగి పోయింది. రెక్కల చప్పుడు అందరికీ వినబడింది. ఎవరూ దగ్గలేదు, ఎవరూ పక్కవాళ్ళను పొడిచి చూపించలేదు. సెలూనాయన దువ్వెనను గుండెకు ఆనించుకుని నిలబడ్డాడు. ఇంకో చుట్టు తిరిగి, గాలిలో ఒక్క క్షణం నిలిచి, సైరన్ డాబా పిట్టగోడ మీద, ఆవిడకు చేయి చాచినంత దూరంలో వాలింది. ముక్కు తెరుచుకుని రొప్పుతోంది. ఆవిడ పట్టుకోబోలేదు. కాసేపటికి అదే నడుచుకుంటూ వచ్చి చేతి మీదికి ఎక్కింది.

సాయంత్రం డాక్టరమ్మ తాళం పడే కొత్త బోల్టులు పట్టుకుని వచ్చింది.

“నా కోసమే వచ్చిందంటారా?” అడిగింది అనౌన్సరమ్మ.

“ఏమో. కాకులకు జడిసిందేమో. ఆకలేసిందేమో. తెలిసిన మొహం మీరొక్కరే కనబడి ఉంటారు. నాకు ఇన్నేళ్ళయినా వీటి బుర్రలో ఏముందో తెలీదు,” అంది డాక్టరమ్మ. “తెలీదు కాబట్టే ఇంకా వీటితో ఉన్నాను.”

కూతురు గోడకు ఆనుకుని నిలబడి ఉంది. డాబా మీంచి దిగినప్పట్నుంచీ ఆ పిల్ల అదోలా ఉంది.

“డాక్టరుగారూ, మీ తరవాత ఎవరని అడిగారు కదా,” అంది మెల్లగా. “నేను. ఎక్కడుంటే అక్కడికి తీసుకెళ్తాను.”

“ఆలోచించుకునే చెప్తున్నావా?”

“లేదు. పొద్దున్న దాన్ని చూశాక ఇంకేమీ ఆలోచించలేకపోతున్నా.”

డాక్టరమ్మ నవ్వి, ముంజేతికి కట్టుకోమని ఒక మందపాటి తోలుపట్టీ ఇచ్చింది. పిల్ల చెయ్యి చాచింది. సైరన్ ముందు ముక్కుతో ఆ చేతిని తట్టి చూసుకుంది, గోడ గట్టిదో కాదో చూసినట్టు. తరవాత ఒక కాలు, తరవాత ఇంకో కాలు. ఆ బరువుకు పిల్ల చెయ్యి కిందికి వంగింది, మళ్ళీ నిలదొక్కుకుంది. ఆ లేతపసుపు కన్ను పిల్ల మొహాన్ని నింపాదిగా, అంగుళం అంగుళం చూస్తోంది.

అనౌన్సరమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. తానూ ఆయనా లేని ఒక రోజు ఆవిడకు కళ్ళముందు కనబడింది. ఏ ఊరో, ఏ ఇల్లో, ఒక కిటికీ పక్కన తన బిడ్డ తల నెరిసి కూర్చుని ఉంటుంది. ఆ తల పక్కనే ఈ ఎరుపు, ఈ ఆకుపచ్చ, ఈ నీలం, ఒక్క పిసరు కూడా వెలవకుండా. బిడ్డ ముసలి మొహాన్ని తాను చూడలేదు. ఈ కన్ను చూస్తుంది. ఆ ఆలోచనకు ఆవిడకు దుఃఖం రాలేదు. పెద్ద నది ఒడ్డున మొదటిసారి నిలబడినవాళ్ళకు వచ్చేదేదో అది వచ్చింది.

“అమ్మా, ఎంత బరువుందో!” అంది పిల్ల, ఊపిరంత మెల్లగా.